కోడి మనది కాకపోయినా పందెం కాయొచ్చు, బీమా మాత్రం చేయలేం

ముందు ఓ వత్తు సంగతి. ఊళ్లో గోడల మీద, బోర్డుల మీద 'జీవిత భీమా' అని కనిపిస్తుంటుంది. ఇందులో భీముడి ప్రమేయం ఏమీ లేదు. పారసీలో 'బీమ్' అంటే భయం. ఆ మాటే ఉర్దూ మీదుగా మన నోటికి వచ్చి బీమా అయిందంటారు. ఎవరి భయం వాళ్లు నాలుగు డబ్బులు కట్టి ఇంకొకరి నెత్తిన పెట్టడమే ఈ వ్యాపారం. పెట్టేటప్పుడు ఏం మాట్లాడుకోవాలి, తర్వాత ఎవరు దేనికి కట్టుబడాలి అన్నది తేలడానికి రెండున్నర శతాబ్దాలుగా కోర్టులు తల బద్దలు కొట్టుకుంటున్నాయి. ఆ పంచాయతీల్లోంచి ఏరినవి కొన్ని.

◆

సంక్రాంతికి భీమవరం చుట్టుపక్కల బరిలో పందెం కాసేవాడికి కోడి తనది కానక్కర్లేదు. కోడి చచ్చినా బతికినా అతని ఇంట్లో దీపం ఆరదు. బీమాకి ఇది కుదరదు. ఆ వస్తువు పోతే, ఆ మనిషి పోతే మీకు నిజంగా నష్టం ఉండాలి. లేకపోతే అది బీమా కాదు, పందెం. పందెం ఒప్పందాలు చెల్లవని మన 1872 కాంట్రాక్టు చట్టంలో 30వ సెక్షనే చెబుతోంది.

ఈ గీత మొదట్లో లేదు. 18వ శతాబ్దపు లండన్‌లో ఎవరి ప్రాణం మీదైనా ఎవరైనా పాలసీ తీసుకునేవారు. పేరున్న పెద్దమనిషి మంచం పట్టాడని కబురు వస్తే చాలు, ముక్కూ మొహం తెలియనివాళ్లు కూడా ఆయన చావు మీద డబ్బు కట్టేవారు. అది శ్రుతి మించి 1774లో పార్లమెంటు చట్టం తెచ్చింది. జీవిత బీమా చట్టమే అయినా దానికి వాడుకలో మిగిలిన పేరు జూదం చట్టం.

◆

చట్టం వచ్చాక కూడా ఇలాంటి పందేల గొడవ ఆగలేదు. లండన్‌లో ఉంటున్న ఫ్రెంచి దౌత్యవేత్త షెవాలియే ద్యోం ఆడా మగా అన్నదాని మీద పాలసీలు రాసుకున్నారు. పేచీ కోర్టుకెక్కింది. తమకు సంబంధం లేని ఒక మనిషిని బజారుకీడ్చే పందేన్ని కోర్టు నెత్తికెత్తుకోదని 1778లో న్యాయమూర్తి లార్డ్ మాన్స్‌ఫీల్డ్ తేల్చేశాడు. ఈ మాన్స్‌ఫీల్డ్ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తాడు.

◆

నష్టం మీకుండాలి సరే, ఎప్పుడుండాలి? దీనికి ఒక్క జవాబు లేదు. ఓడ సరుకు బీమాలో సరుకు పోయిన నాటికి ఉంటే చాలు. ఇంటికైతే పాలసీ తీసుకున్న రోజునా, ఇల్లు కాలిన రోజునా ఉండాలి. ప్రాణానికైతే పాలసీ తీసుకున్న రోజున ఉంటే చాలు. అందుకే భర్త మీద పాలసీ తీసుకున్న భార్య, తర్వాత విడాకులైపోయినా, ప్రీమియం కడుతూ పోతే ఆ పాలసీ బతికే ఉంటుంది. పెళ్లి కంటే పాలసీ గట్టిదన్నమాట.

ప్రాణం లెక్క ఇలా తేలడానికి బండ్లు తయారుచేసేవాళ్లు కారణం. బ్రిటన్ ప్రధాని విలియం పిట్, అంటే తండ్రీకొడుకుల్లో చిన్నవాడు, 1806లో 46 ఏళ్లకే పోయాడు. పోతూ పోతూ కొండంత అప్పు మిగిల్చాడు. ఆయనకు గుర్రబ్బగ్గీలు చేసిచ్చి డబ్బులు రాక, ముందుజాగ్రత్తగా ఆయన ప్రాణం మీద బీమా చేసుకున్నవాళ్లు కంపెనీ తలుపు తట్టారు. ఈలోగా పార్లమెంటు జాలిపడి పిట్ అప్పులకు 40,000 పౌన్లు మంజూరు చేసింది. బగ్గీల బాకీ అందులోంచి తీరిపోయింది. మీకిక నష్టమేముంది, క్లెయిమేమిటి అంది కోర్టు 1807లో. చిత్రమేమిటంటే ఈ తీర్పు చూసి కంపెనీలే కంగారు పడ్డాయి. ఇలా ఎగ్గొడితే రేపు పాలసీ ఎవడు కొంటాడని దాన్ని పెద్దగా వాడుకోలేదు. చివరికి 1854లో ఇంకో కోర్టు ఆ తప్పు దిద్దింది. ప్రాణానికి వెల కట్టలేం, కనుక జీవిత బీమా నష్టపరిహారం కాదు, ముందే అనుకున్న మొత్తం చెల్లించే మాట. ఇప్పటికీ అదే రూలు.

◆

ఐర్లండులో ఒకాయన తన ఎస్టేటులోని కలపంతా ఒక కంపెనీకి అమ్మాడు. ఆ కంపెనీ కూడా ఆయనదే, వాటాలన్నీ ఆయనవే. బీమా మాత్రం సొంత పేరు మీద చేయించాడు. కలప కాలిపోయింది. 1925లో ప్రభువుల సభ, అంటే అప్పటి బ్రిటన్ పై కోర్టు, పైసా రాదంది. కలప కంపెనీది, పాలసీ మీది అని.

మన దగ్గర కొట్టును ప్రైవేట్ లిమిటెడ్‌గా మార్చి, పాత ఫైరు పాలసీని తన పేరు మీదే రెన్యువల్ చేయిస్తున్న సేట్లు ఎంతమందో!

◆

బీమాలో అన్నిటికంటే పెద్ద సూత్రం నిండు నిజాయితీ. కూరగాయల బజారులో వంకాయలో పురుగుంటే చూసుకోవాల్సింది కొనేవాడే. బీమాలో అలా కాదు. అడిగినా అడక్కపోయినా ముఖ్యమైన సంగతి విప్పి చెప్పాలి. ఈ సూత్రం పుట్టింది సుమత్రా దీవిలో. అక్కడ ఈస్టిండియా కంపెనీకి మార్ల్‌బరో కోట ఉండేది. ఐరోపా శత్రువు ఎవడైనా కోట పట్టుకుంటే తనకు నష్టం రాకుండా గవర్నరు కార్టర్ లండన్‌లో ఉన్న సోదరుడి ద్వారా బీమా చేయించాడు. పాలసీ మీద సంతకం పడింది 1760 మేలో. నిజానికి ఫ్రెంచి వాళ్లు ఏప్రిల్‌లోనే కోట పట్టేశారు. కబురు లండన్ చేరడానికి ఓడలే గతి కనుక, సంతకం పెట్టినవాళ్లెవరికీ ఆ ముక్క తెలియదు.

కోట బలహీనంగా ఉందని గవర్నరు చెప్పలేదు కాబట్టి ఇవ్వనన్నాడు బీమా రాసిన బోమ్. 1766లో మాన్స్‌ఫీల్డ్ చెప్పిన తీర్పే నేటికీ ప్రపంచమంతా అప్పజెప్పే పాఠం. ప్రమాదం ఎంతన్నది లెక్కగట్టే సంగతులు ఎక్కువగా బీమా చేయించేవాడికే తెలుస్తాయి, వాటిని దాస్తే ఒప్పందం చెల్లదు అన్నాడు. తమాషా అంతా చివర్లో ఉంది. ఆ కేసులో ఓడిపోయింది బోమే! యుద్ధం సంగతి లండన్‌లో కూర్చున్న నీకే బాగా తెలుసు, ఆ కోట ఎంత మాత్రపుదో ఊరంతటికీ తెలుసు, అన్నీ తెలిసి ప్రీమియం పుచ్చుకుని ఇప్పుడు చెప్పలేదంటావా అని తిట్టి మరీ డబ్బు ఇప్పించాడు. కంపెనీలు ఈ తీర్పు మొదటి సగమే వల్లిస్తుంటాయి.

◆

ఇక మా ఇంటి సుమత్రా. ఆరోగ్య బీమా తీసుకుందామని మా బంధువే అయిన ఏజెంటును పిలిచాను. బాబాయి వరస. కాఫీ గ్లాసు పక్కన పెట్టి, ఫోనులో ఫారం తెరిచి, ప్రశ్నలు చదువుతూ జవాబులు కూడా తనే చెప్పేస్తున్నాడు.

"సిగరెట్లు లేవు... మందు లేదు... షుగరు, బీపీ?"

"బీపీ బిళ్ల ఒకటి వేసుకుంటున్నా బాబాయ్, రోజూ పొద్దున."

"నలభై దాటినోడు ఎవడు వెయ్యట్లేదురా? అదీ ఓ జబ్బేనా! లేదు అని కొడుతున్నా. ఉందంటే మెడికల్స్ అంటారు, తిప్పుతారు."

కొట్టేశాడు. ఓటీపీ నాకొచ్చింది, చెప్పేశాను. ఈ కాలంలో ఓటీపీయే సంతకం.

◆

"నాకేం తెలీదు, ఏజెంటు రాశాడు, నేను సంతకం పెట్టాను" అంటే కోర్టు వినదు. 2019లో సుప్రీంకోర్టు ఈ మాట స్పష్టంగానే చెప్పింది. ఆ కేసులో దాచింది జబ్బు కూడా కాదు, అంతకుముందే వేరే కంపెనీలో తీసుకున్న ఇంకో జీవిత బీమా పాలసీ. ఫారంలో అడిగిన ప్రశ్న ఏదైనా చిన్నది కాదని దాని సారాంశం. 2009లో వచ్చిన మరో తీర్పులో మధుమేహం, కిడ్నీ జబ్బు దాచి ఆరోగ్యం బాగుందని రాసినందుకు మెడిక్లెయిము పోయింది.

దాచినవాడికీ ఓ గడువుంది. జీవిత బీమాలో మూడేళ్లు దాటాక పాలసీని ఏ కారణం మీదా ప్రశ్నించడానికి వీల్లేదు. 1938 బీమా చట్టం 45వ సెక్షనులో 2015లో వచ్చిన మార్పు ఇది. ఏ కారణమన్నా అంటే మోసం కూడా అందులోకే వస్తుంది. ఆరోగ్య బీమాలో ఆ గడువు 60 నెలలు. 2024కు ముందు 8 ఏళ్లుండేది. అయితే ఇక్కడ మోసం రుజువైతే గడువు దాటినా పప్పులుడకవు. రెండింటికీ ఈ తేడా ఎందుకో నాకిప్పటికీ మింగుడు పడదు.

◆

మచిలీపట్నానికి బీమా కొత్త కాదు. ఆంధ్రా బ్యాంకు పెట్టిన పట్టాభి సీతారామయ్యే 1925లో ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీ కూడా పెట్టారు. మన దేశంలో బీమా చదువుకునే ప్రతి లా విద్యార్థీ చదివే ఒక కేసు కూడా ఆ ఊరి ఎల్‌ఐసీ డివిజనల్ ఆఫీసుదే.

1960 డిసెంబరు 27న ఒకాయన 50,000 రూపాయలకు ప్రపోజల్ పెట్టారు. డాక్టరు అదే రోజు పరీక్ష చేశాడు. మొదటి ప్రీమియం కింద రెండు చెక్కులు ఇచ్చారు. ఒకటి 300, రెండోది 220. మూడొందలది రెండు రోజుల్లో మారింది. రెండొందల ఇరవైది ఒకసారి కాదు, మూడుసార్లు వెనక్కి వచ్చింది. చివరికి 1961 జనవరి 11న మారింది. 12న ఆయన పోయారు.

డబ్బు మొత్తం ముట్టింది కదా అని భార్య అడిగారు. ఇంకా ఒప్పుకోలేదు కదా అంది ఆఫీసు. పేచీ సుప్రీంకోర్టు దాకా వెళ్లి తేలేసరికి 1984 వచ్చింది. ప్రపోజల్ పుచ్చుకోవడం, పరీక్ష చేయించడం, చెక్కు మార్చుకోవడం ఇవేవీ ఒప్పుకోవడం కిందికి రావంది కోర్టు. సరేనని కబురు రావాలి. మౌనం అర్ధాంగీకారం అన్న మాట పెళ్లిచూపులకే గానీ బీమాకు పనికిరాదని తేలింది. తీర్పు ఎల్‌ఐసీ పక్షాన వచ్చింది. చట్టం ప్రకారం సబబే. మూడుసార్లు వెనక్కి వచ్చిన ఆ చెక్కు మొదటిసారే మారి ఉంటే ఆఫీసులో ఫైలు ఎంత దూరం కదిలేదో అని మాత్రం అనిపించకపోదు.

◆

అరువు రేపు! కిరాణా కొట్టు బోర్డు కాదిది, బీమా చట్టం 64వీబీ సెక్షను. ప్రీమియం ముందు ముట్టాలి, తర్వాతే బాధ్యత. చెక్కిచ్చి కారుకు పాలసీ తీసుకుని, చెక్కు బౌన్సయి, కారు గుద్దుకున్న కేసులో కంపెనీ ఇవ్వనక్కర్లేదని సుప్రీంకోర్టు 2001లో అంది.

◆

పోయిన ఓడకు బీమా చేయొచ్చా? చేయొచ్చు. ఓడ అప్పటికే మునిగిందని ఇద్దరికీ తెలియకపోతే చాలు. 'పోయినా పోకపోయినా' అని పాలసీలోనే రాసుకునేవారు. మన 1963 సముద్ర బీమా చట్టంలో కూడా ఈ వెసులుబాటు ఉంది.

◆

1915 జనవరిలో ఇకారియా అనే ఓడకు ఫ్రాన్సు తీరంలో జర్మను టార్పెడో తగిలింది. మునగలేదు, ఈడ్చుకుంటూ రేవు చేరింది. రేవులో గాలివాన. ఓడ గట్టుకు కొట్టుకుంటోంది, మునిగితే రేవు మూసుకుపోతుందని అధికారులు బయటి వైపుకు జరిపించారు. అక్కడ ఆటుపోట్లకు నేలకు తగిలి, లేచి, తగిలి, విరిగి మునిగింది. పాలసీ సముద్ర ప్రమాదాలకు ఉంది, యుద్ధానికి లేదు. ఓడను చంపింది ఎవరు, గాలివానా టార్పెడోనా?

టార్పెడోనే అన్నారు ప్రభువులు 1918లో. చివరగా వచ్చిన కారణం కాదు, బలమైన కారణం ఏదో చూడాలట. ఆ దెబ్బ తగిలినప్పటి నుంచి ఓడ ఆ దెబ్బ చేతిలోంచి తప్పించుకోనే లేదు.

ఇదే సూత్రం ఇంకోచోట మనిషికి మేలు చేసింది. వేటలో గుర్రం మీంచి పడి, తడిసిన బట్టలతో ఇల్లు చేరి, న్యుమోనియా పట్టి చనిపోయినాయనకు ప్రమాద బీమా ఇవ్వాల్సిందేనని 1909లో తీర్పు. చంపింది జ్వరమే అయినా మొదలెట్టింది గుర్రం.

◆

బంగారం పొయ్యిలో దాచిన సంగతి. మన అమ్మమ్మలు పోపుల డబ్బా అడుగున గొలుసు దాచినట్టు, ఇంగ్లండులో ఒకావిడ దొంగల భయానికి చలిమంట గూట్లో బొగ్గుల కింద నగలు దాచింది. తర్వాత ఆ మాటే మరచి మంట వెలిగించింది. మంట ఉండాల్సిన చోటే ఉంది కదా, ఇది అగ్నిప్రమాదం ఎలా అవుతుందన్నారు బీమావాళ్లు. మంట ఉండాల్సిన చోటే ఉంది, కానీ నగలు ఉండాల్సిన చోట లేవుగా అంది కోర్టు. ఆవిడే గెలిచింది. అది 1941, లండన్ మీద బాంబులు పడుతున్న కాలం.

అంతకు ముందు 1865లో, దూరాన తుపాకిమందు గోదాం పేలి కిటికీ అద్దాలు పగిలితే, ఇంటికి నిప్పంటలేదు కాబట్టి ఫైరు పాలసీ కింద రాదన్నారు.

◆

దొంగ తలుపు పగలగొట్టాడా? ఈ ప్రశ్నకు జవాబు లక్షల్లో ఉంటుంది. దోపిడీ పాలసీల్లో 'బలవంతంగా లోపలికి చొరబడి' అన్న మాట ఉంటే, తాళం తెరిచి ఉండగా దర్జాగా ఎత్తుకెళ్లిన సరుకుకు డబ్బు రాదని 2004లో సుప్రీంకోర్టు చెప్పింది. సరుకు పోవడం ఎటూ నిజమే. కానీ పాలసీలో మాటకు పాలసీలో అర్థమే చెల్లుతుంది. ఒకే మాటకు రెండర్థాలు వస్తున్నాయంటే మాత్రం, రాసిన కంపెనీకి కాక రాయించుకున్నవాడికి అనుకూలమైన అర్థమే తీసుకోవాలన్నది కోర్టుల పద్ధతి.

◆

జూనో అనే ఓడ. మనుషుల్ని కొనడానికి ఆఫ్రికా వెళ్లే బానిసల ఓడ. 50 మంది నావికులతో లివర్‌పూల్ నుంచి బయల్దేరుతుందని పాలసీలో హామీ. బయల్దేరింది 46 మందితో. కొన్ని గంటల్లోనే వేల్స్ తీరంలో ఇంకో ఆరుగుర్ని ఎక్కించుకుని 52 అయ్యారు. తర్వాతెప్పుడో ఓడ శత్రువుల చేతికి చిక్కింది. నలుగురు తక్కువ కావడానికీ చిక్కడానికీ ఏ సంబంధమూ లేదు. అయినా 1786లో మన మాన్స్‌ఫీల్డే హామీ అంటే హామీ, వెంట్రుకవాసి తప్పినా బీమా లేదన్నాడు. బ్రిటన్ 2015లో కొత్త చట్టంతో ఈ కాఠిన్యాన్ని సడలించింది. మన సముద్ర బీమా చట్టం మాత్రం ఇంకా జూనో దగ్గరే లంగరేసుకుని ఉంది.

◆

ఇల్లు కాలిపోయి లాభపడొచ్చా? ఇంగ్లండులో ఒకరు 3,100 పౌన్లకు ఇల్లమ్మే ఒప్పందం చేసుకున్నారు. రిజిస్ట్రేషనుకు ముందే నిప్పంటుకుంది. బీమా కంపెనీ 330 పౌన్లు ఇచ్చింది. కొన్నవాడు కూడా ఒప్పందం ప్రకారం మొత్తం కట్టేశాడు. అమ్మినవాడి చేతిలో 330 మిగిలాయి. 1883లో కోర్టు ఆ 330 కక్కించింది. పోయింది పూడ్చడమే బీమా పని, పోయినదానికంటే ఒక్క పౌను ఎక్కువ రాకూడదు.

కంపెనీ మీకు క్లెయిము ఇస్తూ ఒక కాగితం మీద సంతకం తీసుకుంటుంది చూడండి, సబ్రొగేషన్ లెటర్ అని. దాని మూలం కూడా ఇదే. నష్టం చేసినవాడి మీద మీకున్న హక్కు ఇక కంపెనీ వాడుకుంటుంది. లారీ బోల్తా పడి నూలు పాడైన కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2010లో ఈ కాగితం సంగతి అంతా వివరంగా చెప్పింది.

◆

40 లక్షల ఇంటిని ప్రీమియం తగ్గుతుందని 20 లక్షలకే బీమా చేశారు. 4 లక్షల నష్టం వచ్చింది. 20 లక్షల లోపలే కదా అని 4 లక్షలూ ఆశిస్తే, వచ్చేది 2. మిగతా సగం ఇంటికి బీమా మీరే చేసుకున్నట్టు లెక్క. 2021 ఏప్రిల్ నుంచి వచ్చిన భారత్ గృహ రక్ష పాలసీలో ఈ కోత తీసేశారు. పాత పాలసీ కాగితం ఉన్నవాళ్లు ఓసారి బీరువా తెరవండి.

◆

సెకండ్ హ్యాండ్ బండి కొన్నారా? ఎదుటివాడికి తగిలితే ఇచ్చే థర్డ్ పార్టీ బీమా బండితో పాటే మీకొస్తుంది. మీ బండి దెబ్బతింటే వచ్చేది మాత్రం పాలసీ మీ పేరు మీదికి మారితేనే. సుప్రీంకోర్టు 1996లో చెప్పిన మాట ఇది.

◆

నామినీ అంటే వారసుడా? కాదు, చేయి చాచి డబ్బు అందుకునే మనిషి మాత్రమే, పంచుకునేది వారసులు అంది సుప్రీంకోర్టు 1984లో. 2015 సవరణతో తల్లిదండ్రులు, భార్యాభర్తలు, పిల్లలు నామినీలైతే డబ్బు వాళ్లదే అయ్యేలా మార్చారు. తమ్ముణ్నో మేనల్లుణ్నో రాసినవారికి పాత కథే.

ఇంతకంటే గట్టి తాళం ఒకటుంది. 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం కింద భార్య, పిల్లల పేరున పాలసీ రాస్తే అది వాళ్లకోసం ట్రస్టు అయిపోతుంది, మామూలుగా భర్త అప్పులవాళ్లు దాన్ని ముట్టుకోలేరు. ఈ రక్షణ హిందువులకు, ముస్లిములకు ఎప్పటినుంచి అన్నది ఆ చట్టంలోనే రాసి ఉంది. మద్రాసులో 1913 డిసెంబరు 31 తర్వాత, మిగతా చోట్ల 1923 ఏప్రిల్ 1 తర్వాత. అంటే మద్రాసు రాజధానిలో ఉన్న కోస్తా, రాయలసీమ ఇల్లాళ్లకు బొంబాయి ఇల్లాళ్లకంటే తొమ్మిదేళ్లు ముందే ఈ తాళంచెవి దొరికింది. వాడినవాళ్లు ఎందరో గానీ.

◆

నచ్చని పాలసీని వెనక్కి ఇచ్చేయడానికి 30 రోజుల గడువుంటుంది. ఫ్రీ లుక్ అంటారు. 2024లో హైదరాబాదులోని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ తెచ్చిన నియమం. అంతకుముందు మామూలుగా 15 రోజులే.

నా ఆరోగ్య పాలసీ వచ్చిన వారానికి పీడీఎఫ్ తెరిచి చూశాను. చివరి పేజీల్లో నా ప్రపోజల్ నకలు. రక్తపోటు ఎదురుగా 'లేదు', దాని కింద నా ఓటీపీ తేదీ, టైముతో సహా. డాక్టరు చీటీ జతచేసి మెయిలు పెట్టాను. పరీక్షలకు పిలిచారు, రెండు సీసాల రక్తం తీసుకున్నారు, పది రోజులకు ప్రీమియం పెంచి కొత్త కాగితం పంపారు. మూడేళ్ల వరకు బీపీతో వచ్చే జబ్బులకు ఇవ్వమని అందులో ఓ వాక్యం.

బాబాయి ఆ మధ్య ఓ పెళ్లిలో కనిపించాడు. "చెప్పానా, తిప్పుతారని!" అన్నాడు, అరిటాకులో రెండో బూరె వేయించుకుంటూ.